రక్తపోటున్నవారి ఒంట్లో ఇన్సులిన్ ఏం చేస్తుంది?



ఈవేళ మీ ముందు ఒక తప్పు ఒప్పుకుందామని వచ్చాను. తప్పు నాదే. అలాంటిది మీ ఇంట్లో జరగకూడదనే ఈ ప్రసంగం.

మా ఇల్లు ఉస్మాన్‌గంజ్‌లో. కింద టోకు దుకాణాలు, పైన కాపురాలు. మా పెద్ద ఆడబిడ్డ మాతోనే ఉంటుంది. నేను వదినె అని పిలుస్తాను. అరవై దాటిన మనిషి. రక్తపోటు చాలా కాలంగా ఉంది, ఆ తర్వాత చక్కెర వ్యాధి వచ్చింది. ఏళ్ల తరబడి మాత్రలతో నెట్టుకొచ్చాక, మూడేళ్ల క్రితం డాక్టరుగారు ఇన్సులిన్ మొదలుపెట్టారు. పొద్దున ఒక సూది, రాత్రి ఒక సూది. పాపం, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా తనే వేసుకుంటుంది.

ఒక మధ్యాహ్నం వదినె చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంటే, పక్కనే నేను ఏదో ఆరోగ్య వ్యాసం పైకి చదువుతున్నాను. రక్తంలో ఇన్సులిన్ మరీ ఎక్కువైతే ఒంట్లో ఉప్పు నిలిచిపోయి రక్తపోటు పెరగవచ్చు అన్న మాట అందులో వచ్చింది. అంతలో కుక్కరు కూసింది. పత్రిక బోర్లా పెట్టి వంటింట్లోకి పోయాను. మిగతాది చదవనేలేదు.

ఐదు రోజుల తర్వాత వదినె నీరసంగా మంచం పట్టింది. నోరు ఎండిపోతోందట. రాత్రి పదిసార్లు లేవాల్సి వస్తోందట. ఇంట్లో ఉన్న మీటరుతో చూస్తే చక్కెర 430! గుండె గుభేలుమంది. "సూది వేసుకుంటున్నవా వదినె?" అని అడిగితే తల దించుకుంది. "నువ్వే కదనే చదివినవు, ఇన్సులిన్‌తోని బి.పి. పెరుగుతదని. నాకు ముందుగాలనే బి.పి. ఉండె. అందుకే సూది బందు పెట్టిన" అంది.

ఆసుపత్రిలో మూడు రోజులుండి, సెలైనులు, ఇన్సులిన్ ఎక్కించుకుని దేవుడి దయవల్ల క్షేమంగా తిరిగొచ్చింది. అక్కడి డాక్టరమ్మగారు వదినెను ఒక్క మాట అనలేదు. నా వంక చూసి, "చదివితే పూర్తిగా చదవాలమ్మా" అన్నారు. ఆ మిగతా సగం ఏమిటో ఆవిడను అడిగాను, తర్వాత దొరికినంత చదివాను. అదే ఇప్పుడు మీకు చెబుతాను.

ముందు రక్తపోటు సంగతి. గుండె నెట్టిన రక్తం నాళాల గోడల మీద చేసే ఒత్తిడే రక్తపోటు. పెద్ద నాళాలు కొమ్మలుగా చీలి, చివరికి వెంట్రుక కన్నా సన్నని నాళాలుగా కండరాల్లోకి పోతాయి. ఈ సన్నని నాళాలకు ముందుండే చిన్న ధమనులు బిగుసుకుంటే పోటు పెరుగుతుంది, వదులైతే తగ్గుతుంది. ఆసుపత్రిలో చూసినప్పుడు మాటిమాటికీ 140/90 గానీ ఆపైన గానీ ఉంటే రక్తపోటు ఉందంటారు.

ఇక ఇన్సులిన్. మన కడుపు వెనక క్లోమగ్రంథి ఉంది. అందులోంచి రక్తంలోకి ఊరే పదార్థం ఇది. 1921లో కెనడా దేశపు టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు దీన్ని వేరు చేయగలిగారు. 1922 జనవరిలో మొదటిసారి ఒక బాలుడికి ఇచ్చారు. అంతకు ముందు ఆ రకం చక్కెర వ్యాధి వచ్చిన పసివాళ్లు బతికేవారు కాదు. అన్నం తిన్నాక రక్తంలో చేరిన చక్కెరను కండరాల్లోకి పంపడం ఇన్సులిన్ పని. అందుకే దాన్ని తాళంచెవితో పోలుస్తారు. ఈ మాట మీరూ వినే ఉంటారు.

అయితే ఇన్సులిన్ చేసే పని తాళం తీయడం ఒక్కటే కాదు. రెండో పని ఒకటుంది. అది మన రక్తనాళాలకు సంబంధించినది. అది చెప్పాలంటే మిమ్మల్ని ఒక్కసారి మా గల్లీకి తీసుకురావాలి.

పొద్దున్నే ఉస్మాన్‌గంజ్‌కు సరుకు లారీ వస్తుంది. పెద్ద రోడ్డు మీద నిలబడుతుంది. బస్తాలేమో లోపల సందులో ఉన్న గోదాములోకి చేరాలి. గోదాము తాళంచెవి గుమాస్తా దగ్గరుంటుంది. కానీ తాళం తీసినంత మాత్రాన బస్తా లోపలికి నడిచి రాదు కదా! సందు నిండా తోపుడు బండ్లు, స్కూటర్లు, ఆటోట్రాలీలు. తెలివైన గుమాస్తా ఏం చేస్తాడు? ముందు "హటో, హటో" అని అరిచి దారి ఖాళీ చేయిస్తాడు. ఆ తర్వాత షట్టరెత్తుతాడు. హమాలీలు బస్తాలు మోసుకుని చకచకా లోపలికి వెళ్తారు.

ఇన్సులిన్ సరిగ్గా ఆ గుమాస్తా లాంటిది. మనం భోంచేసిన కొద్ది నిమిషాలకే కండరాల్లో అప్పటిదాకా మూసుకుని ఉన్న సన్నని నాళాలను అది తెరిపిస్తుంది. తర్వాత కాస్త పెద్ద నాళాలు కూడా నెమ్మదిగా వదులవుతాయి. రక్తం ఎక్కువగా పారుతుంది. దాంతో చక్కెర కండరం గుమ్మం దాకా వస్తుంది. అప్పుడు ఇన్సులిన్ తాళం తీస్తుంది. సన్నగా, ఆరోగ్యంగా ఉన్నవారికి కొన్ని గంటలపాటు ఇన్సులిన్ ఎక్కిస్తూ పరీక్షలు చేసినప్పుడు, కాలి కండరాల్లో రక్త ప్రవాహం దాదాపు రెట్టింపు దాకా పెరగడం కనిపించింది.

ఈ దారి ఎలా తెరుచుకుంటుంది? ప్రతి రక్తనాళానికీ లోపల ఒక పొర ఉంటుంది. మన కుండ లోపలి నునుపులాంటిది. ఒకే ఒక్క కణం మందం. దాన్ని ఎండోథీలియం అంటారు. ఇన్సులిన్ తాకగానే ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును పుట్టిస్తుంది. ఆ వాయువు నిలిచేది కొన్ని క్షణాలే. ఆ క్షణాల్లోనే పక్కనున్న కండరపు పట్టీకి "వదులు కా" అని చెబుతుంది. నాళం విచ్చుకుంటుంది. ఈ వాయువు రక్తనాళాల్లో ఇలా కబురు మోస్తుందని కనిపెట్టినందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

మరో సంగతి. ఇన్సులిన్ తాకితే ఆ పొర నాళాలను బిగించే పదార్థాన్ని కూడా కొంచెం విడుదల చేస్తుంది. దాని పేరు ఎండోథీలిన్. ఒక చేత్తో వదులు చేయడం, ఇంకో చేత్తో బిగించడం! ఆరోగ్యవంతుల్లో వదులు చేసే చేతిదే పైచెయ్యి. అందుకే లెక్క సరిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రక్తపోటు ఉన్నవారిలో ఏం జరుగుతుంది?

1987లో ఇటలీలో ఫెరానిని అనే వైద్యుడు, ఆయన సహచరులు కొందరు రక్తపోటు రోగులను పరీక్షించారు. వారు వయసులో చిన్నవారే. లావు లేరు. చక్కెర వ్యాధి లేదు. ఉన్నదల్లా రక్తపోటు ఒక్కటే. అయినా వారి శరీరం ఇన్సులిన్ మాట సరిగ్గా వినడం లేదని తేలింది. అంతే ఇన్సులిన్‌తో మామూలువాళ్లు కండరాల్లోకి తీసుకునే చక్కెర కన్నా వీరు సుమారు 40 శాతం తక్కువ తీసుకున్నారు. చక్కెర వ్యాధి రాకముందే ఇంత తేడా! రక్తపోటు, చక్కెర రెండూ వేరు వేరు జబ్బులని, ఒక దురదృష్టవంతుడికి రెండూ తగులుకుంటాయని అనుకుంటాం. అవి ఒకే ఇంటి తోబుట్టువులని అప్పటి నుంచి శాస్త్రజ్ఞులు గట్టిగా చెప్పసాగారు.

తర్వాత 1990లలో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో బేరన్ అనే వైద్యుడి బృందం కాలికి పోయే రక్తాన్ని కొలిచి చూసింది. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారిలో, ఇన్సులిన్ ఇచ్చినా కండరాలకు రక్త ప్రవాహం పెరగాల్సినంతగా పెరగడం లేదని గమనించారు. అంటే గుమాస్తా "హటో, హటో" అని అరుస్తున్నా సందులో బండ్లు కదలడం లేదన్నమాట. లోపలి పొర పాడై నైట్రిక్ ఆక్సైడ్ సరిగ్గా పుట్టదు. వదులు చేసే చెయ్యి నీరసపడుతుంది, బిగించే చెయ్యి మాత్రం బలంగానే ఉంటుంది. రక్తపోటు ఉన్న అందరిలోనూ ఇది ఒకే మోతాదులో ఉండదు. పొట్ట పెరిగినవారిలో, చక్కెర కూడా ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తుంది.

ఇలా చక్కెర కండరంలోకి పోలేక రక్తంలోనే నిలిస్తే క్లోమగ్రంథి ఊరుకోదు. ఇంకా ఇన్సులిన్ పంపుతుంది. ఒక గుమాస్తా చాలకపోతే నలుగురిని పంపినట్టు. కండరం చెవిటిదైనా మూత్రపిండాలకు మాత్రం ఇన్సులిన్ మాట బాగానే వినిపిస్తుంది. అవి ఉప్పును బయటికి పోనివ్వక పట్టి ఉంచుతాయి. గుండెను, నాళాలను ఉసికొలిపే నాడులు కూడా చురుకెక్కుతాయి. ఆరోగ్యవంతుల్లో కూడా ఇన్సులిన్ ఈ నాడులను లేపుతుంది కానీ, అదే సమయంలో నాళాలు విచ్చుకుంటాయి కనుక పోటు పెరగదు. రక్తపోటు ఉన్నవారిలో విచ్చుకోవడం తక్కువ కావడంతో త్రాసు ఒక పక్కకు ఒరుగుతుంది. పోటు పెరిగితే లోపలి పొర ఇంకా దెబ్బ తింటుంది. పొర దెబ్బ తింటే ఇన్సులిన్ ఇంకా వినపడదు. గానుగెద్దులా ఇదంతా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది.

నేను వదినెకు చదివి వినిపించిన సగం ఇదే. అది అబద్ధం కాదు. కానీ వినండి, మిగతా సగం ఇది.

శరీరం మాట వినక, క్లోమగ్రంథి తనంతట తాను మోతాదు మించి ఊరించే ఇన్సులిన్ సంగతి వేరు. ఏళ్ల తరబడి కష్టపడి ఆ గ్రంథి అలిసిపోయి, ఇక ఊరించలేని స్థితిలో డాక్టరు సూదితో ఇచ్చే ఇన్సులిన్ సంగతి వేరు. మొదటిది జబ్బుకు గుర్తు. రెండోది లోటు పూడ్చే మందు. ఆ లోటును పూడ్చకపోతే రక్తంలో నిలిచిన చక్కెరే నాళాల లోపలి పొరను తినేస్తుంది. కళ్లు, మూత్రపిండాలు, పాదాలు దెబ్బ తినేది అలాగే. సూది మానేసి వదినె తన రక్తనాళాలను కాపాడుకున్నాననుకుంది. నిజానికి వాటినే అపాయంలో పెట్టింది.

సూదితో గుండెకు చేటేమో అన్న భయం వైద్యులకూ ఉండేది. అందుకని అనేక దేశాల్లో 12,500 మందికి పైగా మనుషులను ఆరేళ్లకు పైగా గమనించారు. కొందరికి ఇన్సులిన్, కొందరికి మామూలు వైద్యం. 2012లో ఫలితాలు వచ్చాయి. ఇన్సులిన్ తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువ కాలేదు. బరువు కొద్దిగా పెరగడం, అప్పుడప్పుడు చక్కెర పడిపోవడం మాత్రం ఎక్కువగా కనిపించాయి. వాటికి జాగ్రత్త పడాలి కానీ సూది మానకూడదు.

"ఇదంతా ఇటలీ, అమెరికా గొడవ, మనకేం సంబంధం?" అంటారేమో. మన హైదరాబాదు దగ్గరి సంగతే చెబుతాను. 1987 నుంచి 1990 దాకా మన నగరం చుట్టుపక్కల 29 పల్లెల్లో ఒక పని జరిగింది. వాటిలో కొన్ని పల్లెల్లో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో, సోయా నూనెతో వండిన ఉప్మా. మిగతా పల్లెల్లో ఇంకా అది మొదలు కాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు, విదేశీ సహచరులు కలిసి 1,165 మందిని మళ్లీ పరీక్షించారు. 2008లో ఆ వివరాలు అచ్చయ్యాయి.

ఉప్మా పెట్టిన పల్లెల పిల్లలు సుమారు 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. అది సరే, అసలు విశేషం వేరే ఉంది. వారి శరీరాలు ఇన్సులిన్ మాట మెరుగ్గా వింటున్నాయి. ఆ మొండితనం 20 శాతం దాకా తక్కువ. రక్తనాళాల బిరుసుతనం కూడా తక్కువే. రక్తపోటు అంకెలో మాత్రం ఆ వయసుకు తేడా కనపడలేదు. చూశారా, ఇన్సులిన్ మాట వినడం, నాళాలు మెత్తగా ఉండడం ఎలా చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచాయో! తల్లి కడుపుతో ఉన్నప్పుడు తిన్న పిడికెడు ఉప్మా పదిహేనేళ్ల తర్వాత బిడ్డ రక్తనాళాల్లో కనిపించింది. అందుచేత ఇంట్లో కోడలో, కూతురో కడుపుతో ఉంటే అందరూ తిన్నాక మిగిలింది ఆమెకు పెట్టే అలవాటు మానండి. ముందు ఆమె పళ్లెం నింపండి.

ఈ జబ్బులు ఎవరో కొద్దిమందివి కావు. 2023లో వెలువడిన దేశవ్యాప్త సర్వే లెక్కల ప్రకారం మన దేశంలో పది కోట్ల మందికి చక్కెర వ్యాధి, 31 కోట్ల మందికి పైగా రక్తపోటు ఉన్నాయి. అంటే ప్రతి వాకిట్లో ఎవరో ఒకరున్నట్టే.

మరి మన చేతిలో ఏముంది?

మొదటిది నడక. ఇందులో ఒక చక్కని కిటుకుంది. కండరం కదిలితే చాలు, ఇన్సులిన్‌తో పని లేకుండానే దాని నాళాలు విచ్చుకుంటాయి, చక్కెర తలుపు తెరుచుకుంటుంది. అది వెనక గుమ్మం అనుకోండి. ముందు దారి మూసుకుపోయినా ఈ గుమ్మంలోంచి సరుకు వెళ్తుంది. భోంచేయగానే మంచమెక్కకుండా పది, పదిహేను నిమిషాలు నడవండి. ఉస్మాన్‌గంజ్ సందుల్లో నడిచే చోటేదీ అంటారా? మేం డాబా మీద నడుస్తాం. రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులైనా ఉండాలి. "మా ఇంటిపని చాలదా?" అని అడిగేవారున్నారు. నిలబడి చేసే పని మంచిదే, కానీ గుండె కాస్త వేగంగా కొట్టుకునేలా నడిస్తేనే నాళాల లోపలి పొరకు మేలు. మా కింద దుకాణంలో గద్దె మీద రోజంతా కూర్చునే సేటుగారికీ ఇదే మాట. హమాలీలకు కండరాల కదలిక ఎలాగూ ఉంది. కానీ బీడీ, గుట్కా అలవాటైతే ఆ మేలంతా పోతుంది, ఎందుకంటే పొగాకు ఆ పొరనే కాలుస్తుంది.

రెండోది ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచాడు. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, చాయ్‌లోకి ఉస్మానియా బిస్కట్టు, సాయంత్రం మిర్చి బజ్జీ, అన్నిటిలో ఉన్న ఉప్పూ ఆ చెంచాడులోకే వస్తుంది. మీ ఇంట్లో ఒక పని చేయండి. నెలకు ఎన్ని ఉప్పు పొట్లాలు కొంటున్నారో లెక్కవేసి, మనుషుల సంఖ్యతో, రోజులతో భాగించండి. వచ్చిన అంకె చూసి నేను కాసేపు కూర్చుండిపోయాను.

మూడోది కళ్లు తిరగడం. సూది వేసుకున్నాక చెమటలు పట్టి, చేతులు వణికి, తిక్కగా ఉంటే చక్కెర పడిపోయిందేమో చూడాలి. మీటరులో 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. పావుగంట ఆగి మళ్లీ చూడాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకండి, ఆసుపత్రికి పరిగెత్తండి. కొన్ని రకాల రక్తపోటు మాత్రలు గుండెదడను తెలియనివ్వవు. అప్పుడు చెమట పట్టడాన్ని గుర్తుగా చూడాలి. ఇంకొకటి, చక్కెర వ్యాధి పాతబడి నాడులు దెబ్బ తిన్నవారికి సూది వేసుకున్నాక లేచి నిలబడగానే రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇన్సులిన్ నాళాలను విప్పుతుందని చెప్పాను కదా, నిలబడినప్పుడు వాటిని తగినంత బిగించాల్సిన నాడులు ఆ పని చేయలేవు. అలాంటివారు గబుక్కున లేవకూడదు. లేచి కూర్చుని, కాళ్లు ఆడించి, అప్పుడు నిలబడాలి. డాక్టరుకు ఈ సంగతి చెప్పి, పడుకున్నప్పుడూ నిలబడినప్పుడూ బి.పి. చూడమని అడగండి.

నాలుగోది, రక్తపోటు ఒక్కటే ఉందని ఊరుకోకండి. ఏడాదికోసారి చక్కెర కూడా చూపించుకోండి. చక్కెర ఒక్కటే ఉన్నవారు బి.పి. చూపించుకోండి. తోబుట్టువుల్లో ఒకరు వచ్చారంటే రెండోవారు గుమ్మం బయట ఉన్నారేమో చూడాలి కదా!

ఆఖరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. సూది గానీ మాత్ర గానీ మనంతట మనం మానకూడదు, పెంచకూడదు, తగ్గించకూడదు. పత్రికలో చదివినా, పెళ్లిలో ఎవరో చెప్పినా, ఆఖరికి ఈ మైకులో నేను చెప్పినా సరే. అనుమానం వస్తే సూది వేసుకుని, ఆ తర్వాత డాక్టరును అడగండి.

ఇప్పుడు వదినె క్షేమంగా ఉంది. రాత్రి భోజనం కాగానే ఇద్దరం డాబా ఎక్కుతాం. కింద గల్లీలో అప్పటికి షట్టర్లు దించేసి ఉంటాయి, సందు ఖాళీగా ఉంటుంది. మొన్న అటు చూపించి, "ఇగో, నా నరాలు కూడ గిట్లనే ఖాళీగ ఉండాలెనని కదా నువ్వు నన్ను తిప్పుతున్నవు" అని నవ్వింది. అవునన్నాను. ఇప్పుడు ఆమెకు ఏది చదివి వినిపించినా ఆఖరి వాక్యం దాకా చదువుతున్నాను. కుక్కరు కూసినా సరే, లేవడం లేదు.